వేలమంది సర్వేలో ఫిట్‌నెస్ ఎలా కొలవాలి: చేయలేని వాళ్ళతో మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నల్గొండ, ప్రకాశం జిల్లాల పల్లెల్లో 30 నుంచి 75 ఏళ్ళ వాళ్ళు 8,000 మందిని సర్వే చేయబోతున్నారు. బీపీ, షుగరు, నడుము కొలతతో పాటు ఒంటి సత్తువ కూడా కొలవాలి. ఫిట్‌నెస్‌కి మనిషికి 15 నిమిషాలు మించకూడదు. మీ గైడ్ 20 మీటర్ల షటిల్ రన్ (రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగు) పెట్టమంటున్నారు. లెక్కలు చూసే సార్ ట్రెడ్‌మిల్ లేకపోతే పేపరు ఎవరూ వేసుకోరంటున్నారు. మీకేమో రెండూ కుదరవనిపిస్తోంది.

మీకు అనిపించిందే సరైనది. గైడ్‌కి ఏం చెప్పాలో, వాటి బదులు ఏం పెట్టాలో రాస్తాను. నేను ఫిజియోథెరపీ చదివి, తర్వాత ఊళ్ళ సర్వేల్లోకి వచ్చి, చాలా ఏళ్ళు ఈ పనే చేసినవాణ్ణి. చేసిన తప్పులు చాలా ఉన్నాయి, కొన్ని కింద కనిపిస్తాయి.

ముందు కాలం లెక్క చూద్దాం. 8,000 మందికి 15 నిమిషాల చొప్పున 2,000 గంటలు. ఒక జట్టు రోజంతా ఊళ్ళోనే ఉన్నా నికరంగా కొలిచే సమయం 5 గంటలు దాటదు. పిలవడం, ఒప్పించడం, సామాను సర్దడం, టీ, సర్పంచ్ గారితో మాటలు మిగతాదంతా తినేస్తాయి. అంటే 400 జట్టు-దినాలు. పరీక్షల జాబితాలో ఒక్క నిమిషం పెరిగితే ఇంకో 27 జట్టు-దినాలు పెరుగుతాయి. సమావేశంలో ఎవరైనా 'ఇది కూడా కలుపుదాం, రెండు నిమిషాలేగా' అన్నప్పుడు ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించండి. నాకు తెలిసి ఇంతకంటే బాగా పనిచేసే వాదన లేదు.

ట్రెడ్‌మిల్ గురించి మీ సార్‌కి అమెరికా వాళ్ళ అనుభవమే చెప్పండి. వాళ్ళ జాతీయ ఆరోగ్య సర్వే ఎన్‌హేన్స్ పరీక్షా కేంద్రాన్నే ట్రెయిలర్లలో ఊరూరా తిప్పుతుంది. అంత సరంజామా ఉండి కూడా 1999–2004 మధ్య పెట్టిన ట్రెడ్‌మిల్ పరీక్షను 12 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకే పరిమితం చేశారు. అదీ చివరి ఓపిక దాకా పరిగెత్తించేది కాదు, మధ్యలో ఆపి గుండె వేగాన్ని బట్టి అంచనా వేసేది. 2011–14లో మాత్రం ఆరేళ్ళ పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరి చేతికీ డైనమోమీటర్ ఇచ్చి పట్టు బలం కొలిచారు. బ్రిటన్‌లో 5 లక్షల మందితో నడిచే యూకే బయోబ్యాంక్ కూడా అంతే. పట్టు బలం దాదాపు అందరికీ కొలిచారు. సైకిల్ పరీక్ష కొంతమందికే పెట్టారు, అందులోనూ గుండె ముప్పును బట్టి మనిషికో స్థాయి ఇచ్చారు, ఎక్కువ ముప్పున్న వాళ్ళను తొక్కించలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పరీక్ష కష్టమయ్యేకొద్దీ అది చేయగలిగే వాళ్ళే లెక్కలో మిగులుతారు. మీరు తెలుసుకోవాలనుకుంటున్నది సత్తువ తగ్గినవాళ్ళకి షుగరు, బీపీ ఎలా ఉన్నాయన్నది. సత్తువ తగ్గినవాళ్ళనే పరీక్ష బయటికి నెట్టేస్తే ఇక మిగిలేదేమిటి? అందుకే ఏ పరీక్ష చూసినా నేను మొదట అడిగేది ఎంత ఖచ్చితంగా కొలుస్తుంది అని కాదు, దీన్ని ఎవరు చేయలేకపోతారు అని. ఆ జవాబు కాగితం మీద రాసుకున్నాకే ఖచ్చితత్వం జోలికి వెళ్తాను.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ఊళ్ళో మా క్యాంపు పంచాయతీ ఆఫీసులో పెట్టాం. చాటింపు వేయించాం, జనం బాగానే వచ్చారు. సాయంత్రం జాబితా చూస్తే ఒక వీధి వాళ్ళు సగం రాలేదు. మర్నాడు గ్రిప్ మిషన్, స్టాప్‌వాచ్ పట్టుకుని ఇళ్ళకే వెళ్ళాం. ఒక ఇంటి ముందు వేపచెట్టు కింద నులక మంచం మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. మోకాళ్ళు రెండూ పూర్తిగా చాచలేదు, నడుము వంగిపోయింది. మిషన్ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నొక్కితే పింఛను పెరుగుతదా బిడ్డా?" అంది. పెరగదవ్వా అన్నాను. "మరి ఎందుకు నొక్కాలె?" అంటూనే నొక్కింది. ముల్లు 6 కిలోల దగ్గర వణికి ఆగింది. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవమంటే ఒకసారి ప్రయత్నించి, నవ్వి, మళ్ళీ కూర్చుంది. మేం పంచాయతీ ఆఫీసు దగ్గరే ఆగిపోయి ఉంటే మా పట్టికలో ఆ అవ్వ లేదు. షటిల్ రన్ పెట్టి ఉంటే అవ్వే కాదు, ఆ వీధే ఉండేది కాదు.

కాబట్టి మీ గైడ్‌తో ఇలా చెప్పండి. షటిల్ రన్ మంచి పరీక్షే. 1980ల్లో మాంట్రియాల్‌లో లెజే బృందం తయారుచేసింది. బీప్ శబ్దానికి తగ్గట్టు 20 మీటర్ల గీతల మధ్య పరిగెత్తాలి, గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. బడి పిల్లలకి దీన్ని మించింది దొరకడం కష్టం. అమెరికాలో 2012లో ఒక నిపుణుల సంఘం పిల్లల జాతీయ సర్వేలకి ఏ పరీక్షలు పెట్టాలో తేల్చినప్పుడు షటిల్ రన్‌ను, పట్టు బలాన్ని, నిలబడి దూకే లాంగ్ జంప్‌ను ఎంచింది. కానీ 62 ఏళ్ళ మనిషిని, బీపీ ఉందో లేదో అతనికే తెలియని మనిషిని, ఏప్రిల్ ఎండలో చెప్పుల్లేకుండా బీప్ వెంట పరిగెత్తించడం పరిశోధన అనిపించుకోదు. ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకోదు.

మన బడుల్లో ఖేలో ఇండియా పరీక్షలు ఇప్పటికే ఉన్నాయి కదా, అవే పెద్దవాళ్ళకి పెడదామని కూడా ఎవరో ఒకరు అంటారు. 9 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి అందులో 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకు వంగడం, కర్ల్ అప్స్, పుషప్స్ ఉన్నాయి. ఆటల్లోకి పిల్లల్ని తీసుకోవడానికి అవి పనికొస్తాయి, మీ ప్రశ్నకి రావు. పుషప్స్ అయితే అసలు వద్దు. పది మంది కొలిస్తే పది లెక్కలు వస్తాయి, ఛాతీ ఎంత దిగితే ఒకటి అన్నదాని మీదే సగం రోజు పోతుంది.

ఇక ఏం పెట్టాలి? నేనైతే అందరికీ పట్టు బలం, కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం పెడతాను. 60 దాటినవాళ్ళకి నాలుగు మీటర్ల నడక, నిలకడ కలుపుతాను. 60 లోపువాళ్ళలో ముందే చీటీ తీసిన కొద్దిమందికి, మీ లెక్కలో ఒక 800 మందికి, మూడు నిమిషాల స్టెప్ టెస్ట్, అంటే పీట ఎక్కి దిగడం. అంతే. అన్నీ కలిపి 12 నిమిషాల్లో అయిపోతుంది, మిగతా మూడూ ఊరు తినేస్తుంది.

పట్టు బలం ముందు ఎందుకంటే, మంచం మీద ఉన్నవాళ్ళూ చేయగలరు, కండలు తిరిగిన కుర్రవాడికీ ముల్లు చివర తగలదు. పైగా దానికి వెనక దన్ను ఉంది. 2015లో లాన్సెట్‌లో వచ్చిన ప్యూర్ అధ్యయనం 17 దేశాల్లో 1,39,691 మందికి పట్టు బలం కొలిచింది. మన దేశం కూడా అందులో ఉంది. పట్టు 5 కిలోలు తగ్గితే మరణ ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధం మాత్రమే. రబ్బరు బంతి పిసికితే ఆయుష్షు పెరుగుతుందని కాదు. చేతి పట్టు ఒంట్లో మొత్తం కండ ఎలా ఉందో చెప్పే గుర్తు. విలేకరులు అడిగితే ఈ తేడా గట్టిగా చెప్పండి, లేకపోతే మర్నాడు పేపర్లో 'పిడికిలి బిగిస్తే నూరేళ్ళు' అని వస్తుంది.

అయితే పట్టు బలం అంటే అందరూ ఒకేలా కొలుస్తారనుకోకండి. నూనె ఒత్తిడితో పనిచేసే జమార్ అనే మిషన్‌తో కూర్చుని, మోచేయి 90 డిగ్రీలు వంచి కొలిచే పద్ధతి ఒకటి. స్మెడ్లీ రకం స్ప్రింగు మిషన్‌తో కొలిచే పద్ధతులు వేరు, వాటిలో తరచు నిలబడి చేయి కిందికి చాచి నొక్కుతారు. మూడుసార్లు నొక్కిస్తారా రెండుసార్లా, సగటు తీసుకుంటారా ఎక్కువ వచ్చినదా, ఇవన్నీ అంకెను మార్చేస్తాయి. మీకు నా సలహా ఒకటే. 2017–18లో మన దేశంలో 45 దాటినవాళ్ళు, వాళ్ళ జీవిత భాగస్వాములు కలిపి 72,000 మందికి పైగా వ్యక్తులతో జరిగిన లాసీ సర్వే స్మెడ్లీ మిషన్‌తో పట్టు బలం కొలిచింది. ఆ మాన్యువల్ తెరిచి అదే రకం మిషన్, అదే భంగిమ, అన్నిసార్లే పెట్టుకోండి. మీ నల్గొండ అంకెను దేశం అంకె పక్కన పెట్టి చూసే అవకాశం ఖర్చు లేకుండా వస్తుంది. మీ సొంత పద్ధతి ఎంత గొప్పదైనా ఆ అవకాశం ఇవ్వదు.

మిషన్లు కొన్నాక నేరుగా ఊరికి తీసుకెళ్ళకండి. కాటా రాళ్ళు తెచ్చి, ముద్ర వేసినవి, 10 కిలోలు, 20 కిలోలు పట్టీతో వేలాడదీసి ప్రతి మిషన్ ఎంత చూపిస్తుందో రాసుకోండి. మేము ఒకసారి ఈ పని సర్వే సగంలో చేశాం. ఒక మిషన్ మిగతావాటికంటే ఎక్కువ చూపిస్తోంది. అది ఎప్పట్నుంచి చెడిందో ఎవరికీ తెలియదు, ఏ మిషన్‌తో ఎవరిని కొలిచారో ఫారంలో గడి లేదు. ఆ మూడు నెలల డేటా ఏం చేయాలో తేలక నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఫారంలో మిషన్ నంబరుకి ఒక గడి, కొలిచినవాళ్ళ నంబరుకి ఒక గడి పెట్టండి. వారానికోసారి రాళ్ళు వేలాడదీయండి.

కొలిచే మనిషి కూడా మిషన్ లాంటివాడే. ఒక మండలంలో ఆడవాళ్ళ పట్టు బలం పక్క మండలం కంటే బాగా తక్కువ వచ్చింది. తిండి తేడా అనుకున్నాం, పని తేడా అనుకున్నాం, ఒకాయన రక్తహీనత మీద పేపరు రాయడానికి కూడా సిద్ధమయ్యాడు. ఎందుకైనా మంచిదని నేను వెళ్ళి కూర్చుని చూశాను. అక్కడ కొలుస్తున్నది ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. ఆడవాళ్ళు కొంగు సర్దుకుని, అతని ముందు గట్టిగా మూలగడానికి, మొహం బిగించడానికి మొహమాటపడి, సుతారంగా నొక్కి మిషన్ ఇచ్చేస్తున్నారు. అతనూ 'చాలమ్మా' అంటున్నాడు. మర్నాడు ఒక ఏఎన్ఎం అక్క కూర్చుంది. "నొక్కవే, ఇంకా, ఇంకా, మీ ఆయన చెయ్యి అనుకో!" అంటుంటే నవ్వులూ పెరిగాయి, అంకెలూ పెరిగాయి. ప్రోత్సాహం మాటలు కూడా రాసి ఇవ్వాలని అప్పుడు అర్థమైంది. అందరికీ అవే మాటలు, అదే గొంతు. ఆ ఏఎన్ఎం మాటలే కాస్త మర్యాదగా మార్చి మా మాన్యువల్‌లో పెట్టుకున్నాం.

ఇక్కడే మీ లెక్కల సార్‌తో ఇంకో మాట ఉంటుంది. 'మనిషికి మనిషికి కొంత తేడా వస్తే ఏముంది, 8,000 మంది ఉన్నారు, సర్దుకుంటుంది' అంటారు. సగటుకి అది కొంతవరకు నిజం, అదీ పొరపాట్లు రెండు వైపులా సమానంగా ఉంటేనే. ఒక జట్టు ఎప్పుడూ తక్కువే కొలిస్తే 80,000 మందిని తెచ్చినా అది సర్దుకోదు. పైగా మీరు వెతుకుతున్నది సగటు కాదు, పట్టు బలానికీ షుగరుకీ ఉన్న సంబంధం. కొలతలో గందరగోళం ఉంటే ఆ సంబంధం ఉన్నదానికంటే పలుచగా కనిపిస్తుంది, జనం పెరిగినకొద్దీ ఆ పలుచని అంకె మీదే నమ్మకం పెరుగుతుంది. అందుకని పైలట్‌లో, అంటే అసలు సర్వేకి ముందు చిన్నగా చేసి చూసేదానిలో, ఒక 40 మందిని వారం తేడాతో రెండుసార్లు, ఇద్దరు వేర్వేరు మనుషులతో కొలిపించండి. రెండు కొలతల తేడాను వాటి సగటు ఎదురుగా గీసి చూడండి, బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో చూపించిన పద్ధతి అది. రెండు కొలతలూ ఎంత కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే సహసంబంధ గుణకం 0.9 వచ్చిందని మురిసిపోకండి. ఒకరు ఎప్పుడూ 4 కిలోలు తక్కువ కొలిచినా ఆ గుణకం 0.9 రావచ్చు.

చివరి అంకెలు కూడా చూడండి. ముల్లు మిషన్ అయితే 20, 30, 25 దగ్గర జనం గుట్టలుగా పోగవుతారు. అంటే చదివేవాళ్ళు చుట్టేస్తున్నారని. వారం వారం ఈ ఒక్క గ్రాఫు తీసి జట్టు వాళ్ళకి చూపిస్తే చాలు, ఎవరినీ తిట్టక్కర్లేదు.

ఇప్పుడు కుర్చీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టే సెకన్లు చూస్తాం. కాళ్ళ బలానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. కానీ మీ రెండు జిల్లాలకీ ఒక ప్రత్యేకమైన సంగతి ఉంది, మీ ప్రతిపాదనలో అది నాకు కనిపించలేదు. నల్గొండలో మర్రిగూడ వైపు, ఉమ్మడి ప్రకాశంలో కనిగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ప్రపంచంలో నల్గొండ పేరు పడింది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళకి వెన్ను, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. అలాంటి మనిషి కుర్చీలోంచి మెల్లగా లేస్తే మీరు కొలిచింది కండ బలమా, కీళ్ళ బిగువా? రెండూ కలిసిపోతాయి. షుగరుకీ కాళ్ళ బలానికీ సంబంధం ఉందని మీరు రాసింది నిజానికి నీళ్ళ కథ కావచ్చు. పట్టు బలానికి ఈ గొడవ తక్కువ, పూర్తిగా లేదని అనను. ప్రతి ఊరికీ తాగునీటి మూలం ఏమిటి, ఎన్నాళ్ళ నుంచి, అంతకుముందు ఏ బోరు తాగారు అన్నవి రాసుకోండి. వీలైతే నీళ్ళ నమూనా తీయండి. నేను మీ స్థానంలో ఉంటే ఇది రెండో పేపరు అయ్యేది.

నడక, నిలకడ త్వరగా చెప్పేస్తాను. నాలుగు మీటర్లకి గచ్చు మీద సుద్దగీతలు గీయండి, గీతకి ముందూ వెనకా ఒక్కో మీటరు ఖాళీ ఉంచండి, మామూలుగా నడిచినట్టే నడవమనండి. నిలకడకి పాదాలు పక్కపక్కన, తర్వాత ఒకటి కాస్త ముందు, తర్వాత మడమకి బొటనవేలు ఆనించి, ఒక్కోటి పది సెకన్లు. ఈ రెండూ కుర్చీ పరీక్షా కలిపితే 1994లో గురాల్నిక్ బృందం ప్రచురించిన 0 నుంచి 12 స్కోరు వస్తుంది, ముసలివాళ్ళ మీద పరిశోధనల్లో బాగా వాడతారు. 35 ఏళ్ళ వాళ్ళకి మాత్రం పెట్టకండి. అందరికీ 12 వస్తుంది, సమయం దండగ. ఆరు నిమిషాల నడక పరీక్ష గురించి అడిగారు. దానికి ప్రామాణిక సూచనల ప్రకారం 30 మీటర్ల చదునైన దారి కావాలి. ఊళ్ళో అంత దారి అంటే సీసీ రోడ్డే, దాని మీద ట్రాక్టర్లు వస్తుంటాయి. వదిలేయండి.

స్టెప్ టెస్ట్ ఎందుకు ఉంచానంటే, పైవన్నీ కండని చూస్తాయి, గుండె-ఊపిరి సత్తువని చూసేది ఇదొక్కటే. 30.5 సెంటీమీటర్ల పీట, నిమిషానికి 24 సార్లు ఎక్కి దిగడం, మూడు నిమిషాలు, వెంటనే కూర్చోబెట్టి ఒక నిమిషం పాటు నాడి లెక్క. ఫోనులో మెట్రోనోమ్ 96 దగ్గర పెట్టుకుంటే అడుగుకో టిక్కు వస్తుంది. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుంటేనే ఎక్కించండి, పీట అంచున కాలు పడితే ప్రమాదం. ఇంట్లో మెట్లే లేనివాళ్ళకి ఈ లయ అందుకోవడమే కష్టం, కాబట్టి అర నిమిషం అలవాటు చేయించి, రెండు నిమిషాలు ఆపి, అప్పుడు మొదలుపెట్టండి.

నాడి దగ్గర ఒక మోసం ఉంది. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళ గుండె పరుగెత్తదు, ఎంత ఎక్కినా నాడి తక్కువగానే ఉంటుంది. మీ పట్టికలో వాళ్ళు వ్యాయామం చేసే వాళ్ళలా కనిపిస్తారు. అడిగితే మందు పేరు చెప్పరు, 'తెల్ల గోలీ' అంటారు. అందుకే ముందురోజే ఆశా కార్యకర్తతో 'మందుల కవరు వెంట తెచ్చుకోండి' అని చెప్పించండి. చిరిగిన స్ట్రిప్పు మీద సగం అక్షరాలే ఉన్నా ఫొటో తీసుకోండి, రాత్రి కూర్చుని గుర్తుపట్టవచ్చు. నాడిని బట్టి ప్రాణవాయువు సామర్థ్యం అంచనా వేసే సూత్రాలు చాలావరకు '220లోంచి వయసు తీసేయ్' లాంటి లెక్క మీద నిలబడ్డాయి. ఒకే వయసున్న ఇద్దరి గరిష్ఠ నాడిలో 20 కొట్టుళ్ళ తేడా మామూలే. నేనైతే ఆ అంచనా జోలికి పోకుండా నాడి అంకెనే విశ్లేషణలో వాడతాను.

ఎవరికి ఏది పెట్టకూడదన్నది రాత్రికి రాత్రి రాసే జాబితా కాదు, డాక్టరుతో కూర్చుని రాయండి. మా జాబితాలో బీపీ 180/110 దాటితే స్టెప్ టెస్ట్ లేదు, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఛాతీ నొప్పి, ఈ మధ్య గుండె జబ్బు, గర్భం ఉంటే కూడా లేదు. ఈ మధ్య కంటి శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు బిగబట్టి నొక్కకూడదు. ఊళ్ళలో కంటి క్యాంపులు జరుగుతుంటాయి, ఒక్కో వీధిలో నలుగురు దొరుకుతారు. పొద్దున షుగరు పరీక్షకి పరగడుపున రక్తం తీసి, టిఫిన్ పెట్టకుండా పీట ఎక్కించకండి. ఒకసారి మా జట్టు ఆ పని చేసింది, మనిషి కళ్ళు తిరిగి పడ్డాడు. దెబ్బ తగల్లేదు కానీ ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ పీట ఎక్కలేదు.

ఇక మొదట చెప్పిన మాట, చేయలేని వాళ్ళు. ఫారంలో పరీక్ష ఎదురుగా ఖాళీ వదలొద్దు. కనీసం ఆరు కోడ్‌లు ఉండాలి: చేశారు, ప్రయత్నించి చేయలేకపోయారు, ప్రమాదమని మేమే వద్దన్నాం, ప్రమాదమని వాళ్ళే భయపడ్డారు, ఇష్టం లేక వద్దన్నారు, మిషన్ లేదా సమయం లేదు. మొదటి చూపుకి అతి జాగ్రత్త అనిపిస్తుంది. కానీ 'చేయలేకపోయారు' అన్నది సమాచారం లేకపోవడం కాదు, ఆ మనిషి గురించి మీకు దొరికే అతి ముఖ్యమైన సమాచారం. 'మిషన్ లేదు' అన్నది మాత్రం నిజంగానే సమాచారం లేకపోవడం. రెండింటినీ ఒకే ఖాళీ గడిలో పడేస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. కుర్చీ పరీక్షను సెకన్లలో విశ్లేషిస్తే లేవలేకపోయిన అవ్వ ఎక్కడికి పోతుంది? సెకన్లే లేవు కాబట్టి బయటికి పోతుంది. అందుకే దాన్ని వర్గాలుగా కూడా విశ్లేషించండి, అడుగున 'లేవలేరు' అన్న వర్గం ఉండేలా.

స్టెప్ టెస్ట్‌కి ఎంచిన 800 మంది పేర్లు కూడా ఊరికి వెళ్ళకముందే కంప్యూటర్ తీసి ఉండాలి. అక్కడికెళ్ళి 'ఎవరు చేస్తారు' అని అడిగితే చేయి ఎత్తేది కబడ్డీ ఆడే కుర్రాళ్ళే.

ఫలితాలు రాసేటప్పుడు కట్ పాయింట్ల దగ్గర, అంటే ఇంతకంటే తక్కువైతే బలహీనం అనే హద్దుల దగ్గర, ఆగండి. ఆసియా నిపుణుల బృందం 2019లో కండ బలం తగ్గిందనడానికి పట్టు మగవాళ్ళకి 28 కిలోల లోపు, ఆడవాళ్ళకి 18 కిలోల లోపు అని పెట్టింది. ప్యూర్ లెక్కల్లోనే దక్షిణాసియా వాళ్ళ పట్టు మిగతా ప్రాంతాల చాలావాటి కంటే తక్కువ. 150 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువు ఉండి రోజంతా పత్తి ఏరే మనిషికి 17 వచ్చిందని బలహీనురాలని ముద్ర వేయడం నాకు నచ్చదు. వయసు, ఎత్తు వారీగా ఎంతమందికి ఎంత వచ్చిందో మొత్తం చూపించండి. కట్ పాయింటు ప్రకారం ఎంతమంది అన్నది వేరే పట్టికలో ఇవ్వండి, అడిగేవాళ్ళు అడుగుతారు.

ఇంకొకటి, మీరు అడగనిది. మన వాళ్ళు కింద కూర్చుని లేస్తారు కదా, కుర్చీ బదులు నేల మీంచి లేవడం పెట్టకూడదా అని మీకూ తట్టే ఉంటుంది. బ్రెజిల్‌లో అరౌజో బృందం 2012లో 51 నుంచి 80 ఏళ్ళ వాళ్ళు 2,002 మంది మీద ఇలాంటి పరీక్షే ప్రచురించింది. చేయి, మోకాలు ఎన్నిసార్లు ఆనించారో చూసి మార్కులు తీసేస్తారు. ఎప్పుడూ సోఫాలో కూర్చునే వాళ్ళని వడపోసే ఆ పరీక్ష పల్లెల్లో ఎలా ప్రవర్తిస్తుందో చూడాలని నాకూ కుతూహలమే. పైలట్‌లో ఓ యాభై మందికి పెట్టి చూడండి. అసలు సర్వేలో మాత్రం పెట్టకండి, పక్కన పెట్టి పోల్చడానికి మన దేశపు అంకెలు కావాలి.

చివరగా మీరు కుర్చీల గురించి అడిగారు, ఊళ్ళో దొరికే ప్లాస్టిక్ కుర్చీలు వాడొచ్చా అని. వద్దు. ఒకటి 40 సెంటీమీటర్లు ఉంటుంది, ఇంకొకటి 45, కాళ్ళు విచ్చుకుంటాయి, లేచేటప్పుడు స్ప్రింగులా తోస్తాయి కూడా. దగ్గర్లోని వెల్డింగ్ షాపులో జట్టుకొకటి చొప్పున ఒకేసారి చేయించండి. ఇనుప గొట్టం, చెక్క పలక, వెనక ఆనుడు ఉండాలి, చేతులు ఉండకూడదు, కూర్చునే ఎత్తు సరిగ్గా 43 సెంటీమీటర్లు, కాళ్ళకి రబ్బరు బూట్లు. ఆటోలో పెట్టడానికి వీలుగా ఉంటుందని మడత కుర్చీ అడుగుతాడు మీ డ్రైవరు, ఒప్పుకోకండి. కొలిచేటప్పుడు కుర్చీ వీపు గోడకి ఆనించి ఉండాలి, ఒక మనిషి పక్కన చేయి చాచి నిలబడి ఉండాలి.